కొండసీమవారి ఉడుపు: తోలుపట్టీ, తిత్తి, పొట్టికోటు

మగవాడు నడుమునకేమి కట్టుకొనవలెను, భుజమున నేమి వేసికొనవలెను అను విషయమున ఒక పార్లమెంటు శాసనము చేయుట, ఆ శాసనమును మీరినవానిని ఆరుమాసములు చెరసాలలో నుంచుట, రెండవమారు మీరినచో ఏడేండ్లపాటు సముద్రముల కావలి వలసరాజ్యములకు ప్రవాసము పంపుట—ఇవి కథలలోని రాజులు చేసిన పనులు కావు. 1746లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన పని. ఆ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన కల్లోడెన్ మైదానమున ఛార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్టు రాజకుమారుని సేనలు ఓడిపోయినవి. ఆయన పక్షమున నిలిచినవారిలో పెక్కురు స్కాట్లండు ఉత్తరభాగమున హైలాండ్సు అని పిలువబడు కొండసీమవారు. వారి కత్తులు లాగికొన్నంత మాత్రమున ప్రభుత్వమునకు తృప్తి కలుగలేదు. 1747 ఆగస్టు 1వ తేదీనుండి వారి ఉడుపునే నిషేధించిరి. నిషిద్ధవస్తువుల పట్టికలో ప్లెయిడ్ అను పెద్ద ఉన్నివస్త్రము, కిల్టు అను పొట్టి మడతలవస్త్రము, బిగుతు లాగులు, గళ్లబట్టతో కుట్టిన పైకోట్లు కలవు. వానితోపాటు భుజమునుండి వ్రేలాడు పట్టీలు కూడ కలవు.

ఈ పట్టీలను గురించియే మేము శ్రోతలకు ముఖ్యముగా మనవి చేయదలచినది. స్కాట్లండువారి ఉడుపు అనగానే అందరి కన్నులకు తోచునది గళ్లబట్ట. ఏ వంశమువారికి ఏ గళ్లు అను చర్చతో గ్రంథాలయములు నిండియున్నవి. కాని ఆ ఉడుపును నిలిపినది బట్ట కాదు, తోలు. నడుమునకు తోలుపట్టీ, ముందు తోలుతిత్తి, కాళ్లకు తోలుజోళ్లు—ఈ మూడును తీసివేసినచో మిగులునది కంబళి మాత్రమే.

ఇది అతిశయోక్తి కాదు. పూర్వపు కొండసీమవాడు ధరించిన పెద్ద ప్లెయిడ్‌కు కుట్టుపని మిక్కిలి స్వల్పము. సన్నని మగ్గముపై నేసిన ఉన్నిబట్టను రెండు పట్టెలుగా కోసి జతపరచి కుట్టిన దీర్ఘచతురస్రమది. దానిని కుచ్చెళ్లుగా మడిచి, నడుమున వెడల్పయిన తోలుపట్టీతో బిగించి, క్రిందిభాగమును మోకాళ్లవరకు వదలి, మిగిలిన పైభాగమును భుజముమీదికి త్రిప్పి సూదితో గ్రుచ్చెడివారు. వానవచ్చిన తలమీదికి లాగికొనెడివారు. రాత్రియైన పట్టీ విప్పి కప్పుకొని పడుకొనెడివారు. మన పంచెకట్టునకు ముడియు దోపుడును చాలును గనుక నడికట్టు లేకున్నను గడచును. మందమైన ఉన్నిబట్ట ముడికి లొంగదు. అందుచేత తోలుపట్టీ వారికి అలంకారము కాదు, ఆధారము.

అట్లే తిత్తి. మనవారు పైకమును రొంటిని దోపుకొనిరి. వర్తకులు జాలెను నడుమునకు చుట్టుకొనిరి. కొండసీమవాని వస్త్రమునకు జేబు లేదు. డబ్బులు, గుండ్లు, దూరప్రయాణమైనచో గుప్పెడు ఓట్సుపిండి—ఇవియన్నియు ఉంచుకొనుటకు ముందువైపున ఒక సంచి వ్రేలాడవలసి వచ్చెను. దీనినే గేలిక్ భాషలో స్పోరన్ అందురు. ఆ మాటకు సంచి అనియే అర్థము. మొదట అది లేడితోలుతో చేసి తోలుత్రాళ్లతో మూతిబిగించిన సామాన్యమగు తిత్తి. పదునెనిమిదవ శతాబ్దమున దాని మూతికి ఇత్తడి కట్టు వచ్చెను. వాల్టర్ స్కాటు 1817లో ప్రకటించిన ‘రాబ్ రాయ్’ నవలలో కథానాయకుని తిత్తికట్టులో చిన్న పిస్తోలు దాగియుండి, మర్మమెరుగక తెరచినవానిపై ప్రేలునట్లు వర్ణింపబడినది. నవలాకారుని కల్పన మాట యటుంచి, తన సొత్తంతయు పొట్టమీద మోసికొని తిరుగువానికి ఇట్టి జాగ్రత్త సహజమే.

జోళ్ల విషయమున మాకొక మంచి సాక్షి కలడు. నిఘంటుకర్తయగు డాక్టరు శామ్యూల్ జాన్సను 1773లో బాస్వెల్‌తో కలసి ఈ సీమయందు సంచరించెను. ఆయనకు స్కాట్లండుపై ప్రత్యేకమైన ప్రేమ లేదు గాని, కన్ను మాత్రము చురుకైనది. అచటి జోళ్లను బ్రోగులందురనియు, తోలుత్రాళ్లతో వదులుగా కుట్టబడుటచే అవి రాళ్లనుండి పాదమును కాపాడును గాని నీటిని ఆపవనియు వ్రాసెను. పూర్వము వెండ్రుకలు లోపలివైపుగా నుంచి పచ్చితోలుతోనే చేసెడివారట. అట్టివి రెండు దినములకంటె మన్నవని ప్రతీతి. కొంత నాగరికత హెచ్చినచోట్ల ఓకు పట్టతోగాని, బర్చిపట్టతోగాని, టార్మెంటిల్ అను చిన్నమొక్క వేళ్లతోగాని తోలును పదును చేయుచుండిరి. నీరు ఆగకపోవుట లోపమని జాన్సను తలచియుండును. ఎల్లవేళల బురదయు వాగులును దాటువానికి లోపలికి వచ్చిన నీరు వెంటనే వెలికి పోవుటయే మేలు. నేడు పట్టణములలో దొరలు ధరించు బ్రోగు బూటుల పైతోలుమీద కానవచ్చు చిన్నచిన్న రంధ్రముల వరుసలను ఈ పాతజోళ్ల జ్ఞాపకముగా చెప్పుదురు. నేటి రంధ్రములలోనికి నీరు పోదు. అవి జోటి లోపలివరకు పోవు.

తోలును లందలో ఏ చెట్టుపట్టతో నానవేసినారన్న ప్రశ్న మన ఆంధ్రులకు క్రొత్తది కాదు. అచట ఓకు, బర్చి, మనకు తంగేడు. బతుకమ్మను పేర్చునపుడు ఏ పూవు లేనిదే వేడుక పూర్తికాదో, ఆ తంగేడు పట్టయే మదరాసు రాజధానిలోని తోళ్ల పరిశ్రమకు ప్రాణము. ఈ మాట మరల ముందు వచ్చును.

కోటు సంగతికి వత్తము. తోలుకోటును కిల్టుమీద వేసికొను యువకులను చూచి, ఇది ఈనాటి వింతపోకడ యని పెద్దలు ముక్కుమీద వ్రేలువేసికొనుట కలదు. చరిత్రలో తోలుకోటే ముందు. 1521లో జాన్ మేయర్ అను స్కాట్లండు పండితుడు లాటిన్ భాషలో తన దేశచరిత్ర ప్రకటించెను. కొండసీమలోని సామాన్యజనులు నారబట్టను పలుపొరలుగా కుట్టి, దానికి మైనమో కీలో పట్టించి, పైన లేడితోలు కప్పి, ఆ కవచముతో యుద్ధమునకు పోవుదురని ఆయన వ్రాసినాడు. ఇనుపగొలుసుల కవచము కొనలేని బీదవాని కవచమది. వెండిబొత్తాముల నల్లకోటునకు ఈ పూర్వికత లేదు.

తరువాతి కాలపు కోటు ఉన్నిది, కాని పొట్టిది. ఎందుకు పొట్టిదన్న ప్రశ్నకు సమాధానము మరల తోలులోనే యున్నది. నడుమున వెడల్పుపట్టీ, దానిక్రింద తిత్తి, వెనుక దట్టమైన కుచ్చెళ్లు. దీనిపై మోకాటివరకు వ్రేలాడు కోటు వేసినచో తిత్తి మూసికొనిపోవును, కుచ్చెళ్లు నలిగిపోవును, పట్టీకి తగిలించిన డర్కు అను బాకు చేతికందదు. అందుచేత కోటు నడుమువద్దనే ఆగెను. ముందు కొసలు ఏటవాలుగా కోయబడెను. నేటికిని కొండసీమ కోటును గుర్తించుటకు ఇదియే ఆనవాలు. సామాన్యమైన ఆంగ్లేయ కోటును కిల్టుపై తొడిగినవాడు ఏదియో అతుకక తెల్లబోవునట్లు కనబడుటకు కారణము గళ్లరంగు కాదు. కోటు ముందుభాగము తిత్తిని మ్రింగివేయుటయే.

పెద్ద ప్లెయిడ్ పైభాగము పోయి క్రింది సగము మాత్రమే కిల్టుగా మిగులుటను గురించి యొక వివాదము కలదు. 1720 తరువాతి దశకములో ఇన్వర్‌గారీయందు ఇనుపకొలిమి నడపిన థామస్ రాలిన్సను అను ఆంగ్లేయ క్వేకరు, పనివాండ్ర సౌకర్యార్థము దీనిని కనిపెట్టెనని 1785లో ప్రకటితమైన ఒక లేఖ చెప్పుచున్నది. ఆంగ్లేయుడు తమ జాతీయవస్త్రమును కనిపెట్టుటయా యని స్కాట్లండువారు పలువురు మండిపడి, అంతకుముందే అది యుండెనని వాదించిరి. కత్తెర ఎవరిదైనను, అంతకుమున్ను కొండసీమవారు నడుమునకు బిగించుచున్న పట్టీ మాత్రము ఆంగ్లేయునిది కాదు. మాకు ఆ వివాదమున అంతకుమించిన ఆసక్తి లేదు.

ఇక నిషేధము మాట. ముప్పదియైదేండ్లు ఆ శాసనము అమలులో నుండెను. జాన్సను సంచారమున పూర్తిగా పాతయుడుపుతో కనబడినవాడు ఒకే ఒక్క పెద్దమనిషి. అతడును అప్పుడప్పుడు సరదాకు ధరించువాడే. ఒక తరము దానిని విప్పివేసి, మరియొక తరము దానిని కట్టుట నేర్వకయే పెద్దదాయెను. కుచ్చెళ్లు మడుచు విధము, తిత్తి కుట్టు విధము తండ్రి చేతినుండి కుమారుని చేతికి రావలసిన విద్యలు. అవి నడుమ తెగినవి.

ఒక్కచోట మాత్రము శాసనము వర్తింపదయ్యెను. రాజుగారి సేనలో చేరినవాడు ఆ యుడుపు ధరింపవచ్చును. ఎంతటి గడుసు ఉపాయము! ఇంటివద్ద కిల్టు కట్టినచో చెర. రాజుకొరకు ప్రాణమిచ్చుటకు సిద్ధపడినచో అదే కిల్టును ప్రభుత్వమే ఇచ్చును. లార్డ్ మెక్లౌడ్ అను కొండసీమ ప్రభువు 1777లో కూర్చిన పటాలము 1780 జనవరిలో మదరాసు రేవున దిగెను. ఆ సెప్టెంబరు 10వ తేదీన కాంచీపుర ప్రాంతమున పొల్లిలూరువద్ద హైదరలీ టిప్పూల సేనల చేతిలో కర్నల్ బెయిలీ దండు ఓడినప్పుడు, ఆ పటాలపువారిలో కొందరు హతులైరి, కొందరు శ్రీరంగపట్టణపు చెరలో మ్రగ్గిరి. తమ పల్లెలలో తమ యుడుపు నేరముగా నున్న కాలముననే వారీ దక్షిణదేశమున పోరాడిరి.

శాసనము 1782 జులై 1వ తేదీన రద్దయ్యెను. మరుసటి సంవత్సరము లూయిస్ ద్వీపమునందలి స్టోర్నొవే పట్టణమునుండి ఇరువదితొమ్మిదేండ్ల ప్రాంతపు యువకుడొకడు మదరాసు చేరెను. ఆయనయే మన గ్రామచరిత్రలైన కైఫీయత్తులను వ్రాయించి కూర్చిన కాలిన్ మెకంజీ. ఏలూరివారగు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహాయము లేనిదే ఆయన కృషి సాగియుండదని మన చరిత్రకారులందరు నెరుగుదురు. మెకంజీ బాల్యయౌవనములు రెండును నిషేధకాలమునందే గడచినవి. 1816లో థామస్ హికీ వ్రాసిన వర్ణచిత్రమున ఆయన భారతీయ సహాయకులు ముగ్గురితో నిలుచుండి కనబడును. ధరించినది ఎర్రని సైనికపు కోటు. ఆ చిత్రమున కొండసీమ ఉడుపు జాడ లేదు. పరజాతి ఊరూరి పాతమాటలు చెరిగిపోకుండ కాపాడినవాడు పుట్టిన సీమలో తాతలనాటి ఉడుపు అంతలో మారువేషము ధరించుచుండెను.

ఆ మారువేషపు పండుగ 1822 ఆగస్టులో ఎడింబరో నగరమున జరిగెను. నాలుగవ జార్జి రాజు స్కాట్లండునకు విచ్చేయుచుండగా, స్వాగతపు ఏర్పాట్లు వాల్టర్ స్కాటు వహించెను. స్కాటు కొండసీమవాడు కాడు, దక్షిణపు మైదానసీమవాడు. అయినను రాజుగారి నృత్యోత్సవమునకు సైనికపుటుడుపులో నున్నవారు తప్ప తక్కిన పెద్దమనుష్యులందరు కొండసీమ దుస్తులతోనే రావలెనని ప్రకటించెను. తాతముత్తాతలు ఏ యుడుపును చూచి దొంగలయుడుపని యీసడించిరో, ఆ యుడుపుకై మైదానసీమ పెద్దమనుష్యులు దర్జీల యిండ్లముందు బారులు తీరిరి. రాజుగారి దుస్తులకు, ఆయుధములకు, ఆభరణములకు దర్జీ వేసిన పట్టీ 1,354 పౌనుల 18 షిల్లింగులు. మోకాళ్లు కనబడకుండుటకై రాజు మాంసవర్ణపు మేజోళ్లు తొడిగెను. అదే సభకు లండను వర్తకుడు, స్థూలకాయుడు అగు సర్ విలియం కర్టిస్ కూడ అదే వేషముతో వచ్చి నిలుచుటచే, వ్యంగ్యచిత్రకారులకు చాలకాలమువరకు పనికి కొదవ లేకపోయెను.

నవ్వుకొనుటకు బాగుగనే యున్నది. కాని అదే కాలమున ఆ కొండలలో ఏమి జరుగుచుండెనో చూడవలెను. గొఱ్ఱెల పెంపకము లాభసాటియని గ్రహించిన భూస్వాములు కౌలుదారులను తరతరముల లోయలనుండి వెడలగొట్టుచుండిరి. సదర్లండు సీమలో స్ట్రాత్‌నేవర్ లోయయందు 1814లోను, మరల 1819లోను ఇండ్ల పైకప్పులకు నిప్పంటించి జనులను వెళ్లగొట్టిరి. గ్లెన్‌గారీ ప్రభువగు అలెగ్జాండర్ మెక్డానెల్ నిజమైన కొండసీమవారి సంఘమని 1815లో ఒకటి స్థాపించెను. చిత్రకారుడు రేబర్న్ వ్రాసిన ఆయన నిలువెత్తు పటము ఎడింబరో చిత్రశాలలో నేటికిని కలదు: గళ్లకోటు, తోలుపట్టీ, తిత్తి, ఆయుధములు, లోపమేమియు లేదు. నగరపు కెల్టిక్ సంఘమువారు అర్హత లేక ఈ యుడుపును ధరించి పరిహాసపాత్రము చేయుచున్నారని పత్రికలకెక్కినవాడును ఆయనయే. ఆయన భూములనుండియు జనము వెడలిపోవుచునే యుండెను. ఉడుపు కొరకు అంత శ్రద్ధ వహించినవాడు, ఆ యుడుపు ధరింపదగిన మనుష్యుల విషయమున అంత శ్రద్ధ వహింపలేదు. కెనడా అడవులకు ఓడలెక్కినవారు వెండిబొత్తాములతో పోలేదు.

నేడు ‘ఆచారము’ అని చెప్పబడు పొంతనల నియమములు పెక్కు ఈ పండుగ తరువాత పుట్టినవి. విక్టోరియా రాణి కుటుంబము 1852లో బాల్మోరల్ ఎస్టేటును కొనుటతో అవి మరింత స్థిరపడెను. 1842లో ప్రకటితమైన ‘వెస్టియారియం స్కాటికం’ అను వంశగళ్ల గ్రంథము ప్రాచీన తాళపత్రమువంటి వ్రాతప్రతినుండి వచ్చినదని చెప్పి, సోబియెస్కీ స్టూవర్టులను సోదరులు లోకమును నమ్మించిరి. అది కూటసృష్టియని తరువాత తేలెను. అందుగల గళ్లలో పలువానిని మాత్రము వంశములవారు నేటికిని గౌరవముతో ధరించుచున్నారు.

నియమములను క్లుప్తముగా చెప్పుదుము. పగటివేళ ఆర్గైల్ కోటు. అది ట్వీడు బట్టతో కుట్టినది. దానితో గోధుమరంగు గాని నలుపు గాని సాదా తోలుతిత్తి, అదే రంగు జోళ్లు. సాయంకాలపు విందులకు ప్రిన్స్ ఛార్లీ అను నల్లకోటు, వెండిబొత్తాములు, వెండికట్టు తిత్తి, దానికి తోలువారునకు బదులు గొలుసు. ఈ కోటు పేరు వినువారు ఛార్లెస్ రాజకుమారుడు దానిని ధరించెనని భ్రమపడుదురు. ఆయన 1788లోనే మరణించెను, పేరు ఎంతో తరువాతి దర్జీలు పెట్టినది. లోచొక్కా వేసినచో నడుముపట్టీ అక్కరలేదు. మెడవరకు బొత్తాములున్న మాంట్రోస్ కోటైనచో పట్టీని కోటుపైననే బిగింపవలెను. పట్టీకొక రంగు, జోళ్లకొక రంగు ఉండరాదు. బొత్తాములు వెండివైనచో పట్టీబిళ్ల ఇత్తడిది కారాదు.

మా అభిప్రాయమడిగినచో, వీనిలో ఉపయోగమునుండి పుట్టినవి కొన్ని, దుకాణమునుండి పుట్టినవి కొన్ని. లోచొక్కాక్రింద పట్టీ వలదనుట సబబే, ఉబ్బెత్తుగా కనబడును. తిత్తి పట్టీకి బెత్తెడు క్రిందుగా వ్రేలాడవలెననుట సబబే, చేయి అందవలెను. గోధుమరంగు తోలు సూర్యాస్తమయము కాగానే అమర్యాదకరమగునన్నది మాత్రము పాతకాలపు లేడితోలు తిత్తివానికి చెప్పినచో అర్థమైయుండదు. అతనికి తోలు ఏ పట్టలో నానినదో ఆ రంగే రంగు.

నియమములకు దుకాణముకంటె గట్టి గురువు సైన్యము. తిత్తికి వ్రేలాడు వెండ్రుకల కుచ్చులను లెక్కించియే పటాలమును చెప్పగలిగెడివారు; ఆర్గైల్ పటాలమునకు ఆరు, బ్లాక్ వాచ్ పటాలమునకు ఐదు ఉండెడివి. 1914 యుద్ధమున ఖాకీ కోట్లు వచ్చినప్పుడు, కొండసీమ సైనికులకై ముందుకొసలు గుండ్రముగా కోసియిచ్చిరి—తిత్తికొరకే. కందకములలో కిల్టుపై ఖాకీ గుడ్డ కట్టించినను, కోటు కోత మారలేదు. చలికాలమున బ్రిటిష్ సైనికులకు చేతులులేని తోలుకోట్లు పంచిపెట్టిరి; కొండసీమ పటాలములకు కూడ అవి ముట్టినవి. జాన్ మేయర్ చూచిన తోలుకవచమునకు నాలుగువందల ఏండ్ల తరువాత కిల్టు, తోలుకోటు మరల కలసినవి. ఈమారు ఏ నియమావళియు కలుపలేదు. బురదయు చలియు కలిపినవి.

అదే యుద్ధమున బూటుల పైతోలుకై బ్రిటిష్ ప్రభుత్వము మదరాసు రాజధానిలో పదునుచేసిన తోళ్లను విస్తారముగ కొనెను. తంగేడుపట్టలో నానిన ఆవుతోళ్లు అవి. ఫ్రాన్సు కందకములలో ఆ జోళ్లు తొడిగినవారికి ఆ పూవు పేరు తెలిసియుండదు. మన లందలవద్ద మోకాలిలోతు నీటిలో నిలిచి ఆ తోళ్లను త్రిప్పినవారికి కిల్టు మాట తెలిసియుండదు.

1940 నాటికి కిల్టు యుద్ధరంగమునుండి తొలగింపబడెను. ఇప్పుడది పెండ్లిండ్లకును, ఆటలపోటీలకును, స్నాతకోత్సవములకును ధరించు ఉడుపు. ఇరువదవ శతాబ్దము చివరినుండి ఎడింబరో వీధులలో మోటారుసైకిలువారి నల్లని తోలుకోటును కిల్టుపై ధరించువారు హెచ్చిరి. నడుమువద్ద ఆగిపోవుటచే ఆ కోటు తిత్తిని మూయదు, కుచ్చెళ్లను నలుపదు. కొలత తెలిసిన దర్జీ ఎవడును దానిని కాదనలేడు. కాదనువాడు విక్టోరియా కాలపు అలవాటును ప్రమాణముగా గొనవలసినదే.

అసలు మార్పు తిత్తిలో వచ్చెను. సాయంకాలపు తిత్తికి శ్రేష్ఠమని చాలకాలముగా వాడిన తోలు సీలు అను సముద్రజంతువుది. ఆ జాతి వస్తువులను అమెరికా 1972 శాసనముతోనే అడ్డగించెను. 2007లో స్కాట్లండు ప్రభుత్వము రక్షితజంతువుల తోళ్లతో చేసిన తిత్తులకు అనుమతిపత్రము లుండవలెనని నియమము చేసెను. నీటికుక్క తోలు కూడ అందు చేరెను. ఐరోపా సమాజము 2009లో చేసిన నిషేధము మరుసటి ఏట అమలులోనికి వచ్చెను. తాతగారి సీలుతోలు తిత్తిని పెండ్లికి కట్టుకొని విమానమెక్కు మనుమడు కాగితములు సరిచూచుకొనవలసిన కాలమిది. పనివారు ఆవుతోలుకును, కుందేలుతోలుకును మరలినారు. లేడితోలుతో, తోలుత్రాటి మూతితో, లోహపుకట్టు లేని పాతతిత్తిని మరల కుట్టువారు కూడ కొందరు కలరు. దానిని పగలు రాత్రి అను భేదము లేక కట్టుకొనుచున్నారు.